మరచిపోని ప్రజలు – రబౌల్ అగ్నిపర్వతాల మధ్య తొలాయి జనం



ఈ నెల మనం ఆస్ట్రేలియాకు ఉత్తరాన, భూమధ్యరేఖకు కేవలం నాలుగు డిగ్రీల దక్షిణాన ఉన్న ఒక ప్రాంతానికి వెళ్దాం. పాపువా న్యూగినీ దేశములో న్యూబ్రిటన్ అనే పొడవాటి దీవి ఉంది. ఆ దీవి తూర్పు కొసన ఉన్న రాష్ట్రం పేరు ఈస్ట్ న్యూబ్రిటన్. అక్కడి పాత పట్టణం రబౌల్. ఆ మాటకు స్థానికుల భాషలో మడ చెట్లున్న చోటు అని అర్థం. మడ చెట్ల మాట ఎలా ఉన్నా, లోకం ఆ ఊరిని తెలుసుకున్నది అగ్నిపర్వతాల వల్లనే.

రబౌల్ రేవును పటంలో చూస్తే గుర్రపు నాడాలాగా వంకర తిరిగి కనిపిస్తుంది. నిజానికి అది మామూలు రేవు కాదు. సుమారు 1400 ఏళ్ల క్రితం అక్కడ ఒక మహా విస్ఫోటనం జరిగింది. లోపలి కరిగిన రాయి అంతా బయటికి చిమ్మేసరికి పైనున్న నేల ఆధారం లేక కుంగిపోయింది. ఆ పెద్ద గుంటలోకి సముద్రం వచ్చి చేరింది. ఓడలు సుఖంగా లంగరు వేసుకునే ఆ ప్రశాంతమైన నీళ్ల కింద ఉన్నది అగ్నిపర్వతపు నోరే. దాని అంచుల మీద కొన్ని కొండలు లేచాయి. మూడింటిని జనం తల్లి, ఉత్తరపు కూతురు, దక్షిణపు కూతురు అని పిలుస్తారు. చూడడానికి ఆ మూడే పెద్దవి. అయితే ఊరికి ఆపద తెచ్చినవి వాటి పాదాల దగ్గర పొట్టిగా కనిపించే రెండు. రేవుకు తూర్పున తవుర్వుర్, పడమట వల్కన్.

ఇన్ని అగ్నిపర్వతాలు అక్కడే ఎందుకున్నాయి? ఆ దీవికి దక్షిణాన సముద్రపు అడుగు నేల, దీవి కిందికి మెల్లమెల్లగా జారిపోతూ ఉంటుంది. దానితోపాటు నీరు కూడా లోతుకు చేరుతుంది. ఆ లోతు వేడిలో నీరు తగిలిన రాయి త్వరగా కరుగుతుంది. కరిగినది తేలికై పైకి లేస్తుంది. దారి దొరికిన చోట కొండై పగులుతుంది.

మరి అటువంటి చోట మనుషులు ఎందుకుంటారని మీరు అడగవచ్చు. జవాబు నేలలోనే ఉంది. అగ్నిపర్వతపు బూడిద ఏళ్లు గడిచేకొద్దీ చివికి మంచి సారవంతమైన మట్టి అవుతుంది. వానలకు కొదువ లేదు. కొబ్బరి, కోకో, అరటి, చేమ, చిలగడదుంప విరివిగా పండుతాయి. కొబ్బరి చెట్ల నీడన కోకో వేసే గోదావరి జిల్లాల రైతులకు ఆ తోటలు కొత్తగా కనిపించవు. తవుర్వుర్ పక్కన వేడి ఇసుకలో ఒక జాతి పక్షులు గుంట తీసి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. పొదిగే పని భూమి వేడికే వదిలేస్తాయి. ఆ ఇసుకలో చేతులు పెట్టి గుడ్లు తవ్వి తెచ్చుకోవడం అక్కడి గ్రామస్థులకు పాత అలవాటు. చంపగల కొండే అన్నం కూడా పెడుతున్నదన్నమాట.

ఇక్కడి ముఖ్యమైన ప్రజలు తొలాయి జనం. లక్షకు పైబడి ఉన్నారు. ఎనిమిది వందలకు పైగా భాషలున్న ఆ దేశములో వీరి భాష కువానువా. వీరిలో వంశం తల్లి వైపు నుండి నడుస్తుంది. భూమి హక్కు కూడా తల్లి వంశాన్ని బట్టే వస్తుంది. వీరి గురించి ఎంతైనా చెప్పవచ్చు గాని, ఈ నెల ఒక్క సంగతినే మీ ముందుంచాలని నా కోరిక. వీరు మరచిపోని ప్రజలు. ఆపదను మరచిపోలేదు, చనిపోయినవారిని మరచిపోలేదు, తమ పితరులు చేసిన తప్పును కూడా మరచిపోలేదు.

మొదట ఆపద సంగతి చూద్దాం. 1937 మే 29, శనివారం. రేవు పడమటి వైపు వల్కన్ ఒక్కసారిగా పేలింది. అంతకుముందు అది నీటికి కొంచెం పైకి ఉన్న చిన్న దీవి మాత్రమే. 1878లో పేలినప్పుడు పుట్టిన దీవి అది. 1937లో రాత్రికి రాత్రే కొండయై తీరానికి కలిసిపోయింది. మరునాడు ఎదురుగా ఉన్న తవుర్వుర్ కూడా పేలింది. సుమారు ఐదు వందలమంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ తీరాన ఉన్న తొలాయి గ్రామస్థులే. ముందు భూమి కంపించింది, తీరంలో నేల లేచింది. అయినా అది దేనికి గురుతో వారికి చెప్పేవారు లేకపోయారు.

బ్రతికి బయటపడినవారు ఆ గురుతులను మరచిపోలేదు. పిల్లలకు చెప్పారు. ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పారు. ప్రభుత్వం కూడా కొండ అంచున పరిశీలనా కేంద్రం పెట్టి, భూమి కదలికలను యంత్రాలతో చూడసాగింది. 1983 నుండి 1985 వరకు భూకంపాలు విపరీతంగా పెరిగాయి. రేవు మధ్య నేల ఉబ్బింది. ఇదిగో పేలుతుంది, అదిగో పేలుతుంది అని అందరూ ఎదురుచూశారు. ఎవరు ఏ దారిన పోవాలి, ఎక్కడ చేరాలి, వాహనాలు ఎక్కడ నిలవాలి అన్నీ నిర్ణయించారు. జనానికి తర్ఫీదు ఇచ్చారు. తీరా చూస్తే కొండ పేలలేదు. అంతా సద్దుమణిగింది. ఇంత హడావుడి దండగే కదా అని ఎవరికైనా అనిపించి ఉంటే ఆశ్చర్యం లేదు.

తరువాత తొమ్మిదేళ్లకు, 1994 సెప్టెంబరు 18, ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలు దాటాక రబౌల్ గట్టిగా కంపించింది. రెండు రోజుల క్రితమే దేశ స్వాతంత్ర్య దినం జరుపుకున్న ఊరది. ఆ రోజంతా భూమి ఆగకుండా వణికింది. తవుర్వుర్ ఎదుటనే ఉన్న మటుపిట్ అనే చిన్న దీవి గ్రామస్థులు గురుతులు పట్టేశారు. 1937ను చూసిన వృద్ధులు ఇంకా కొందరు బ్రతికి ఉన్నారు. ఆ రోజులాగే ఉంది, లేవండి అన్నారు. అధికారులు హెచ్చరిక స్థాయిని పెంచింది సాయంత్రానికి. జనం అంతకు ముందే కదలడం మొదలుపెట్టారు. రాత్రంతా నడిచేవారు నడిచారు, బండ్లు ఎక్కేవారు ఎక్కారు. ముసలివారిని, పసిపిల్లలను ముందు పంపించారు.

మరునాడు సోమవారం ఉదయం ఆరు గంటలు దాటాక తవుర్వుర్ పేలింది. గంట తరువాత వల్కన్ పేలింది. మొదటి పెద్ద కంపానికి, మొదటి పేలుడుకు మధ్య ఉన్న వ్యవధి సుమారు 27 గంటలు మాత్రమే. ఆ వ్యవధిలో వేలాది జనం ఊరు ఖాళీ చేశారు. బూడిద కురిసింది. వానతో తడిసి సిమెంటులా బరువెక్కిన ఆ బూడిదకు ఇళ్ల కప్పులు కూలిపోయాయి. పట్టణంలో పెద్ద భాగం పూడిపోయింది. విమానాశ్రయం పాడైపోయింది. అయితే ప్రాణాలు పోయినది ఐదుగురికి. కప్పులు కూలి నలుగురు, బూడిద మబ్బులోని పిడుగు పడి ఒకరు.

1937లో ఐదు వందలు, 1994లో ఐదు. కొండలు అవే, రేవు అదే. జనం మాత్రం అప్పటికి ఎంతో పెరిగారు. తేడా ఎక్కడుంది? యంత్రాలు ఉపయోగపడ్డాయి, కాదనము. పదేళ్ల క్రితపు తర్ఫీదు ఉపయోగపడింది. దండగ అనిపించినదే దారి చూపింది. వీటన్నిటితోపాటు, అమ్మమ్మలు తాతలు చెప్పిన మాటను ఆ జనం కథగా కాక హెచ్చరికగా దాచుకున్నారు. చెప్పేవారు ఉండడమే చాలదు, వినేవారు కూడా ఉండాలి.

ఆ తరువాత పాలనా కేంద్రం సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని కొకొపోకు మారింది. టోకువా అనే చోట కొత్త విమానాశ్రయం వచ్చింది. ఇప్పుడు ఆ రాష్ట్రానికి వెళ్లేవారు దిగేది అక్కడే. లోపలి భూముల్లో ప్రభుత్వం కొత్త ఇళ్ల స్థలాలు ఇచ్చింది. అయినా మటుపిట్ వారిలో చాలామంది తిరిగి తమ దీవికే వచ్చారు. తల్లి వంశపు భూమి, పితరుల సమాధులు అక్కడ ఉన్నాయి. కొత్త చోట తమకు చెందిన మట్టి లేదు. తవుర్వుర్ 2006 అక్టోబరులో, మళ్లీ 2014 ఆగస్టులో పెద్దగా పేలి బూడిద కురిపించింది. ఆ జనానికి భయం లేదనుకోకండి. భయాన్ని పక్కన పెట్టుకొని, చెవి నేల మీద ఉంచి బ్రతకడం నేర్చుకున్నారు.

ఇప్పుడు చనిపోయినవారి సంగతి. తొలాయి ప్రజలకు కాగితపు డబ్బు ఉంది. దాన్ని కినా అంటారు. దానితోపాటు తంబు అనే గవ్వల డబ్బు కూడా ఈనాటికీ నడుస్తోంది. గోరంత ఉండే చిన్న గవ్వల వీపు తొలగించి, బెత్తపు ఈనెకు గుచ్చి దండ చేస్తారు. కొలత మన పెద్దలకు తెలిసినదే. రెండు చేతులు చాచినంత, అంటే బార. మన నూతి తాడును కొలిచినట్టే వారు డబ్బును బారలలో కొలుస్తారు. కొకొపో బజారులో చిన్న చిన్న సరుకులు తంబుతో కొనవచ్చు. పెళ్లిలో పెండ్లికుమార్తె వైపువారికి ఇచ్చేది తంబే. తగవు పడినప్పుడు పరిహారంగా చెల్లించేదీ అదే.

అయితే అసలు ఉద్దేశం కొనడం, అమ్మడం కాదు. మనిషి జీవితమంతా తంబు కూడబెట్టి, వందల బారలను పెద్ద చక్రంలాగా చుట్టి ఇంట్లో దాస్తాడు. ఆ చక్రాన్ని లొలోయి అంటారు. అతడు చనిపోయిన రోజున బంధువులు ఆ చక్రాన్ని విప్పి, ముక్కలుగా కోసి, వచ్చినవారందరికీ పంచుతారు. ఎంత కూడబెట్టాడన్నది ఆ రోజున తెలుస్తుంది. అయితే గౌరవం దక్కేది దాచినందుకు కాదు, పంచబడినందుకు. వచ్చినవారు ఆ ముక్కను ఇంటికి తీసుకుపోయి తమ దండకు కలుపుతారు. అలా చనిపోయినవాని కష్టం ఊరిలో ఇంటింటా చేరుతుంది. కొట్లు విప్పి పెద్దవి కట్టుకోవాలని చూసిన ధనవంతుని గురించి ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. దాన్ని చదివేటప్పుడు ఈ గవ్వల చక్రాన్ని కూడా ఒకసారి తలచుకోండి.

ఆ ఆచారాల్లో అన్నీ సంఘములకు సమ్మతమైనవి కావు. చావు దినాలలో ఆకుల లంగాలు, శంఖువు ఆకారపు ముసుగులు వేసుకొని వచ్చే టుబువాన్ నాట్యాల విషయంలో అక్కడి క్రైస్తవుల మధ్యనే వేర్వేరు అభిప్రాయాలున్నాయి. పాత ఆచారంలో ఏది ఉంచుకోవాలి, ఏది విడిచిపెట్టాలి అన్న ప్రశ్న మన గ్రామ సంఘములకూ కొత్తది కాదు.

ఇక తప్పు సంగతి. ఇది చెప్పడానికి కష్టమైన కథ, అయినా చెప్పవలసినదే. ఆ ప్రాంతానికి సువార్త మొదట తెచ్చినవారిలో ఎక్కువమంది తెల్లవారు కారు, ఫిజీ దీవుల బోధకులు. తరువాతి కాలంలో మన తెలుగువారు కూడా చెరకు తోటల కూలీలుగా వెళ్లిన ఫిజీయే అది. 1875లో ఆ దీవుల్లో తట్టు వ్యాధి వచ్చి సుమారు నలభై వేలమంది చనిపోయారని అంచనా. ఆ దుఃఖం ఆరకముందే, సమోవాలో పనిచేసిన జార్జి బ్రౌన్ అనే మెథడిస్టు మిషనెరీ అక్కడికి వచ్చి, న్యూబ్రిటన్‌కు ఎవరు వస్తారని అడిగాడు. వేదపాఠశాల విద్యార్థులు ముందుకు వచ్చారు. బ్రిటిషు అధికారి వారిని పిలిపించి, బలవంతమేమీ లేదు, అక్కడ ప్రాణాపాయముంది అని హెచ్చరించాడు. వారు వెనక్కి తగ్గలేదు. 1875 ఆగస్టు 15న వారి ఓడ ఆ దీవుల తీరం చేరింది. కొందరు భార్యలతో వెళ్లారు. కొందరు చలిజ్వరానికి చనిపోయారు.

1878 ఏప్రిల్‌లో సైలాసా నౌదుకిది అనే ఫిజీ కాపరిని, ఆయనతో ఉన్న ముగ్గురు బోధకులను ఒక నాయకుని మనుషులు చంపారు. ఆనాటి యుద్ధాచారం ప్రకారం వారి శరీరాలను తిన్నారు. దానికి జవాబుగా బ్రౌన్, కొందరు వ్యాపారులు, స్థానికుల సహాయంతో దాడి చేశారు. ఊళ్లు కాలిపోయాయి, ప్రాణాలు పోయాయి. సువార్తికుడు అలా చేయవచ్చా అని ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియా పత్రికల్లో పెద్ద వాదం నడిచింది. ప్రభుత్వ విచారణలో ఆయన మీద నేరం నిలవలేదు. మనం మాత్రం ఆ పేజీని చింపివేయనక్కరలేదు. మిషను చరిత్రలో వెలుగు ఉన్నది, నీడ కూడా ఉన్నది.

కాలం గడిచింది. తొలాయి ప్రజలలో అధిక భాగం క్రైస్తవులయ్యారు. 1947లో మన దక్షిణ ఇండియా సంఘము ఐక్యమై ఏర్పడినట్టే, 1968లో అక్కడి మెథడిస్టులు ఇతర సంఘములతో కలిసి ఐక్య సంఘముగా ఏర్పడ్డారు. 1878 సంగతి ఇక ఎవరికి కావాలి అని ఊరుకోవచ్చు. వారు ఊరుకోలేదు. 2007 ఆగస్టులో, ఆ హతుల రక్తం చిందిన 129 ఏళ్లకు, ఆనాటి హంతకుల వంశస్థులు వేలమంది ఎదుట నిలబడి ఫిజీ దేశ ప్రతినిధిని క్షమాపణ వేడుకున్నారు. తాము చేసిన తప్పు కాదు, తమ ముత్తాతల తప్పు. ఫిజీ ప్రతినిధి ఆ క్షమాపణను అంగీకరించాడు. ఆ సభలో దేశపు గవర్నర్ జనరల్ పౌలియాస్ మటానే కూడా ఉన్నాడు. ఆయన కూడా తొలాయి బిడ్డే.

ఆ నేల మీద మనవారి జ్ఞాపకం కూడా ఒకటి ఉంది. 1942 జనవరిలో జపాను సైన్యం రబౌల్‌ను పట్టుకొని, కొండల్లో సొరంగాలు తవ్వి పెద్ద స్థావరంగా మార్చింది. ఆ ఏడు జులై 1న, అక్కడి నుండి సుమారు వెయ్యిమందికి పైగా ఖైదీలను తీసుకుపోతున్న మాంటెవీడియో మారు అనే ఓడను, లోపల ఖైదీలున్నారని తెలియని అమెరికా జలాంతర్గామి ముంచివేసింది. చనిపోయినవారిలో మెథడిస్టు మిషనెరీలూ ఉన్నారు. ఆ ఓడ శిథిలం సముద్రగర్భంలో దొరికినది 2023 ఏప్రిల్‌లో. ఎనభై ఏళ్లు ఎదురుచూసిన కుటుంబాలకు అప్పుడు సమాధి చోటు తెలిసింది.

మిషనెరీలు లేని ఆ రోజుల్లో విశ్వాసాన్ని నిలిపినవారు స్థానికులే. కతోలిక ఉపదేశి పీటర్ టో రోట్, జపాను అధికారులు ఆరాధనలు నిషేధించినా మానలేదు. ఒకరికి మించి భార్యలను చేసుకోవచ్చని వారు అనుమతించినప్పుడు ఎదురు నిలిచాడు. 1945లో చెరసాలలో ఆయనను చంపారు. 2025 అక్టోబరు 19న కతోలిక సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించింది. మన సంఘము వేరైనా, క్రైస్తవ వివాహం కోసం ప్రాణమిచ్చిన ఆ గృహస్థుని మనమూ గౌరవించవచ్చు.

సింగపూర్‌లో జపానుకు చిక్కిన భారత సైనికులను వేలమందిని ఆ దీవులకు కూలీలుగా తరలించారు. ఆకలికి, జ్వరాలకు, బాంబులకు ఎందరో అక్కడే కన్నుమూశారు. కొకొపో దగ్గర బిటా పాకా అనే చోట ఉన్న యుద్ధ సమాధుల తోటలో భారత సైనికుల సమాధులు వరుసలుగా ఉన్నాయి. మన దేశములో ఏ ఊరిలోనో ఒక తల్లి ఎదురుచూసి ఎదురుచూసి పోయి ఉంటుంది. ఆ బిడ్డ సమాధి చుట్టూ పరదేశములో నేడూ గడ్డి కత్తిరించి శుభ్రముగా ఉంచుతున్నారు.

యొర్దాను దాటినప్పుడు యెహోషువ పన్నెండు రాళ్లు ఎందుకు నిలబెట్టించాడో మీకు తెలుసు. పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి. తొలాయి ప్రజలకు కొండ ఒక రాయి, గవ్వల చక్రం ఒక రాయి, 1878 ఒక రాయి. అడిగేవారు, చెప్పేవారు ఉన్నందునే 1994 రాత్రి వేల ప్రాణాలు నిలిచాయి.

ఈ నెల మీ కుటుంబ ప్రార్థన అయ్యాక ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవారుంటే వారిని కూర్చోబెట్టి అడగండి. మన ఊరికి వరద ఎంతవరకు వచ్చింది? తుఫాను రాత్రి ఎవరు ఎక్కడ తలదాచుకున్నారు? ఆ గాలికి ముందు ఆకాశం ఎలా ఉంది? ఏ కుటుంబంతో మనకు పాత పగ ఉంది, అది ఎలా మొదలయింది? పిల్లలచేత ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఆపద సంగతి రాసుకుంటే రేపు ప్రాణానికి మేలు. పగ సంగతి తెలుసుకుంటే, ఎవరో ఒకరు ముందుగా వెళ్లి క్షమాపణ అడగడానికి దారి దొరుకుతుంది. అందుకు 129 ఏళ్లు ఆగవలసిన పని లేదు.

వచ్చే నెల మరొక దేశములో కలుసుకుందాం. అంతవరకు ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక.